చంద్రమ్మ చేను మీద నాలుగు నెలల పొద్దు

చీరాలలో మా ఫొటోగ్రఫీ బృందం వాళ్లు నన్ను ఆటపట్టించడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, నా దగ్గర చెప్పుకోదగ్గ కెమెరా లేదు. రెండు, అందరూ ఖరీదైన సాఫ్ట్‌వేర్లలో ఫొటోలకు మెరుగులు దిద్దుకుంటుంటే నేను కంప్యూటర్‌తో పాటు ఊరికే వచ్చే పెయింట్‌తోనే పని కానిస్తాను. "చిన్నపిల్లలు ఏనుగు బొమ్మలు గీసుకునే దాంట్లో ఫొటోలు దిద్దుతారా మేడం?" అని ఒకాయన పదిమంది ముందూ అడిగాడు. ఇలాంటి మాట తగిలితే నాకు సిగ్గు రాదు, పంతం వస్తుంది. నలభై ఎనిమిదేళ్లుగా ఇదే వరస.

నేను ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు ల్యాబ్ అసిస్టెంటుని. ల్యాబు బీరువా సర్దుతుంటే ఎప్పుడో గడువు తీరిపోయిన నలుపు తెలుపు ఫొటో కాగితం ప్యాకెట్టు దొరికింది. దాంతో ఏం చేశానో చెబుతాను, అది తెలియకపోతే ఈ ప్రయాణం అర్థం కాదు. మూత గట్టిగా పట్టే రేకు డబ్బా తీసుకుని, పక్కన సూదితో సన్నటి బెజ్జం వేయాలి. చీకట్లో లోపల ఫొటో కాగితం వంచి పెట్టి, మూత బిగించి, బెజ్జం తూర్పుకు చూసేలా ఎక్కడైనా కదలకుండా కట్టేయాలి. అంతే, ఇక మర్చిపోవచ్చు. రోజూ పొద్దు పైకెక్కే దారి కాగితం మీద ఒక గీతగా పడుతుంది. మర్నాడు సూర్యుడు కొంచెం పక్కకు జరిగి పొడుస్తాడు కాబట్టి దాని పక్కన ఇంకో గీత. పగలు అతి పెద్దదైన జూన్ రోజు నుంచి అతి చిన్నదైన డిసెంబరు రోజు దాకా ఉంచితే ఆరు నెలల పొద్దుపొడుపులూ ఒకే కాగితం మీద వరసగా చేరతాయి. కింద నేలా, గట్లూ, చెట్లూ మసకగా పడతాయి. మందుల్లో కడగనక్కర లేదు. స్కానర్‌లో ఒక్కసారి పెట్టి, కంప్యూటర్‌లో రంగులు తారుమారు చేస్తే బొమ్మ తయారు.

ఒక్కసారే అని ఎందుకన్నానంటే, ఆ కాగితానికి వెలుతురంటే పడదు. స్కానర్ దీపం కూడా దాన్ని కొంత నల్లబరుస్తుంది. రెండో అవకాశం లేని పని.

జూన్‌లో మా కాలేజీ గుమాస్తా కూతురి పెళ్లికి జహీరాబాద్ వెళ్లినప్పుడు పెట్టెలో పట్టుచీర కింద మూడు డబ్బాలు పెట్టుకుని పోయాను. ఒకటి లాడ్జి డాబా మీద, ఒకటి న్యాల్‌కల్ వైపు ఒక పంచాయతీ ఆఫీసు పిట్టగోడకు కట్టాను. మూడోది కట్టడానికి చోటు వెతుక్కుంటూ ఝరాసంగం వైపు వెళ్తుంటే ఆటో టైరు పంక్చరైంది. ఆగిన చోట ఒక చేను, చేనులో చిన్న రేకుల కొట్టం, కొట్టం ముందు అరవై ఏళ్లావిడ. పేరు చంద్రమ్మ. నా చేతిలో డబ్బా చూసి సంగతి అడిగింది. చెప్పాను.

"అయితె నా చేనునే పట్టు బిడ్డా," అంది వెంటనే. "వచ్చే యేడు గీ చేను ఉండది. దీని మీదికెల్లి రోడ్డు పోతున్నది. కంది కోసుకున్నంక ఇచ్చేసుడే. కాని ఒక్కటి, పటం నాకియ్యాలె."

కొట్టం గుంజకు డబ్బా కట్టి, ఇస్తానని మాటిచ్చాను. ఆ మాట కోసమే డిసెంబరులో సెలవు పెట్టి మళ్లీ బయల్దేరాను.

జహీరాబాద్: తాళాల డబ్బా

హైదరాబాదు నుంచి వచ్చిన బస్సు నన్ను హైవే మీద దింపింది. కొత్త ట్రాక్టర్లను వీపున మోసుకుని లారీలు బొంబాయి దారి పడుతున్నాయి. మొట్టమొదట తగిలింది చలి. మా చీరాలలో డిసెంబరు అంటే ఫ్యాను ఒక నంబరు తగ్గించుకోవడం. ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా జనం చెవులకు మఫ్లర్లు చుట్టుకుని తిరుగుతున్నారు. నేను పల్చటి నూలు చీరలో వణుకుతూ ముందు ఒక శాలువా కొనుక్కుని, తర్వాత అన్నం కోసం వెతుక్కున్నాను.

అన్నం దొరికింది గానీ హోటల్లో పొయ్యి దగ్గర కూర్చున్నావిడ దాన్ని తిననివ్వలేదు. "చలికి అన్నమేం తింటరు మేడం, రొట్టె తినుండ్రి" అని అరచేతుల మధ్య జొన్న రొట్టె కొడుతూ చెప్పింది. మా వైపు జొన్న అంటే షుగరు వచ్చినవాళ్లకు డాక్టరు రాసేది. ఇక్కడ రొట్టె పెనం మీద పొంగి, పుంటికూరతో, అంటే మా గోంగూరతో, ఎల్లిపాయ కారంతో కంచంలోకి వచ్చేసరికి ఒకటి అనుకున్నదాన్ని మూడు తిన్నాను. రొట్టె పదిహేను రూపాయలు. కూర ఎన్నిసార్లు వేయించుకున్నా ఆవిడ పట్టించుకోలేదు, నీళ్లు తక్కువ తాగుతున్నానని మాత్రం రెండుసార్లు కోప్పడింది.

లాడ్జికి వెళ్లి డాబా ఎక్కుతుంటే మేనేజరు వెనకాలే పరుగెత్తుకొచ్చాడు.

"పైన లేదు మేడం. వానల కాలం డాబా ఉరుస్తున్నదని రిపేరు చేయించినం. మీ డబ్బ ఖరాబ్ గావొద్దని కిందికి తెచ్చిన."

కౌంటరు మీద ఉంది నా డబ్బా. తళతళలాడుతోంది. అందులో గదుల తాళాలు వేసుకుంటున్నాడు. నేను సూదితో వేసిన బెజ్జాన్ని ఎవరో సిమెంటు ముద్దతో శుభ్రంగా పూడ్చారు.

"లోపల కాగితం?"

"తడిసి ఉండె. పారేసినం. డబ్బ మాత్రం సర్ఫ్ ఏసి కడిగినం, సూడుండ్రి."

అంత శ్రద్ధగా కడిగిన మనిషిని ఏమంటాం? డబ్బా తనకే ఉంచుకోమని చెప్పి గదికెళ్లి మంచం మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు గానీ ఉసూరుమంది. లోపల ఒక మూల భయం కూడా పుట్టింది. లాడ్జి డాబా మీద ఉంచిన డబ్బా గతే ఇదైతే, చేనులో గాలికీ వానకీ ఉన్నదాని గతేమిటి? ఐనా చేనుకు వెంటనే పోకూడదని నిర్ణయించుకున్నాను. పగలు అతి చిన్నదైన రోజుకు ఇంకా రెండు రోజులుంది. ఆఖరి గీత కూడా పడాల్సిందే. సగం ఏడాది అంటే సగం ఏడాదే, రెండు రోజులు తక్కువైనా నా మనసు ఒప్పదు.

న్యాల్‌కల్: ప్రతి సోమవారం

మర్నాడు న్యాల్‌కల్ వైపు షేర్ ఆటో. ఏడుగురం కూర్చున్నాక కూడా ఆటో అతను "ఇంకొక్కరు" అంటూ ఆగి ఉన్నాడు. మా ఊళ్లో అయితే ఈపాటికి పెద్ద గొడవ. ఇక్కడ ఎనిమిదో మనిషి రాగానే అందరూ ఏమీ అనకుండా కాస్త కాస్త జరిగారు, చోటు పుట్టింది. నా పక్కన బీదర్ వైపు నుంచి కోడలి ఊరికి వచ్చిన ఒకావిడ కూర్చుంది. సగం కన్నడం, సగం తెలుగు. ఒళ్లో సంచిలోంచి పచ్చి అల్లం తీసి మట్టి దులిపి వాసన చూడమంది. చూశాను. తర్వాత రోజంతా నా వేళ్లు అల్లం వాసనే వేశాయి. "చాయ్‌లో వేసుకో, జలుబు పోతది," అని రెండు కొమ్ములు నా చేతిలో పెట్టి, డబ్బులు ఇవ్వబోతే చెయ్యి తోసేసింది. దారి పొడుగునా చెరకు బళ్లు. వాటిని దాటేటప్పుడల్లా ఆటో గట్టు మీదికి ఎక్కుతుంది, మేమంతా ఒకరి మీద ఒకరం పడతాం, మళ్లీ మాటలు అక్కణ్నుంచే మొదలవుతాయి.

పంచాయతీ ఆఫీసులో కారోబారు సంగన్న నా కోసమే ఎదురుచూస్తున్నట్టు లేచొచ్చాడు. లెక్కలూ పన్నులూ రాసే ఆయన్ని ఇక్కడ కారోబారు అంటారు. పిట్టగోడ మీద డబ్బా చెక్కుచెదరకుండా ఉంది. కట్టిన తీగ కూడా తుప్పు పట్టలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఎంత జాగ్రత్తగా ఉంచారండీ!" అన్నాను.

"ఉంచుతా గద మేడం మరి. ప్రతి సోమారం నిచ్చెన ఏసి ఎక్కి, మూత తీసి చూసినా. ఒక్క వారం గూడ ఇడువలే. కాని ఏం లాభం, ఒక్క బొమ్మ గూడ పడలే దాంట్ల."

ప్రతి సోమవారం. మూత తీసి. ఎండలో.

డబ్బా విప్పాను. కాగితం ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే రంగు, నేరేడు పండు రంగు. నా మొహం చూసి సంగన్నకు అనుమానం వచ్చింది. వెలుతురు తగిలితే కాగితం పాడైపోతుందని చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"అయ్యో! మరి తెరవొద్దని ఒక్క మాటన్న చెప్పకపోతిరి మేడం!"

నిజమే. చెప్పలేదు. కట్టాను, నమస్కారం పెట్టాను, పెళ్లి భోజనానికి టైమైపోతోందని పరుగెత్తాను. ఇరవై నాలుగేళ్లుగా ల్యాబులో విద్యార్థులకు దేన్ని ముట్టుకోవాలో, దేన్ని ముట్టుకోకూడదో చెప్పడమే నా ఉద్యోగం. అలాంటిదాన్ని ఈ ఒక్కటీ చెప్పలేదు. సంగన్న బాధపడుతూ చాయ్ తెప్పించాడు. వద్దన్నాను. రెండోసారి వద్దంటే ఆయన బాధ ఎక్కువైంది, తాగాను. ఇక్కడ చాయ్ వద్దనడమంటే మనిషిని వద్దన్నట్టేనని ఆలస్యంగా తెలుసుకున్నాను.

తిరుగు ఆటోలో నా బుర్రలో ఒకటే ప్రశ్న. చంద్రమ్మకు చెప్పానా, చెప్పలేదా? ఎంత తవ్వినా గుర్తు రాలేదు. లాడ్జి డబ్బా పోతే పోయింది, పంచాయతీది పోతే పోయింది. అవి నా సరదా. మూడోది ఆవిడకు ఇచ్చిన మాట. కంది కోత అయ్యాక ఆ చేను ఉండదు, ఇంకో జూన్ రాదు.

చేను

పొట్టి పగటి రోజు పొద్దున సూర్యుడు బాగా పైకి వచ్చేదాకా ఆగి, ఝరాసంగం ఆటో ఎక్కాను. చేను దూరం నుంచే గుర్తుపట్టాను, కానీ ఏదో తేడా. దగ్గరికెళ్తే తెలిసింది. చేను మధ్యలోంచి వరసగా సర్వే రాళ్లు, నెత్తిన ఎర్ర రంగు. వాటి చుట్టూ కంది నడుమెత్తు నిలబడి కాయలతో ఊగుతోంది. రాయి పాతిన చోట కూడా మొక్క పీకకుండా పక్కకు వంచి కట్టారు.

చంద్రమ్మ గట్టు మీంచే కేకేసింది. "వచ్చినవా బిడ్డా! రావనుకున్న."

"చంద్రమ్మగారూ, డబ్బా మూత తీశారా?" నా మొదటి మాట అదే. పలకరింపు కూడా లేదు.

"గారు ఏందే, నన్ను గారు అంటవు," అని నవ్వి, "నువ్ బిగిచ్చి పోయినవ్, నేనెందుకు తీస్త? నా ఇంట్ల కుండ మూత ఎవలన్న తీస్తె నేనూకుంటనా? నీది గూడ గంతే," అంది.

ఆ మాటకు ఆవిణ్ని కావలించుకోబుద్ధైంది. కొట్టం దగ్గరికి దాదాపు పరుగెత్తాను. గుంజకు డబ్బా అలాగే ఉంది. దాని నిండా ఎండిన పసుపు. తీగకు వాడి రాలగా మిగిలిన బంతిపూల తొడిమలు. సరిగ్గా బెజ్జం మీద, వేలితో గట్టిగా అద్దిన కుంకుమ బొట్టు. రూపాయి బిళ్లంత.

బొట్టు మీద వేలు పెట్టి అడిగాను.

"ఇదెప్పుడు పెట్టారు?"

"దసరకు. నాగలికి, కొడవలికి, తట్టకు, పారకు అన్నిటికి చేసినం గద పూజ. గిది గూడ పొద్దుమాపు పని చేస్తున్నదాయె. పని చేసేదానికి బొట్టు పెట్టకుంటె ఎట్ల?"

"కానీ బెజ్జం మీదే పెట్టారు కదమ్మా! అది దాని కన్ను! కన్ను మూసేస్తే ఏం చూస్తుంది?" గొంతు పెరిగిందని నాకే తెలుస్తోంది. దసరా నుంచి ఇప్పటిదాకా రెండు నెలలకు పైగా పొద్దులన్నీ ఆ కుంకుమ అవతలే ఆగిపోయాయి. నేను పట్టుబట్టి ఆగిన ఆ రెండు రోజులు తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మా కాలేజీలోనూ దసరాకు పూజ చేస్తాం. సూక్ష్మదర్శినికి నేనే స్వయంగా బొట్టు పెడతాను, కానీ గొట్టానికి పెడతాను, అద్దానికి పెట్టను. ఆ తేడా నాకు తెలుసు, ఎందుకంటే నాకొకరు నేర్పారు. చంద్రమ్మకు ఎవరు చెప్పాలి? మళ్లీ నేనే.

చంద్రమ్మ మొహం చిన్నబోయింది. బొట్టునూ నన్నూ మార్చి మార్చి చూసి, "అయితె పటం లేదా?" అంది.

ఆ ఒక్క మాటతో నా కోపం దిగిపోయింది. "ఉందో లేదో చూద్దాం. దసరా దాకా ఉండాలి," అన్నాను. "చీకటి కావాలి నాకు."

కొట్టంలోకి తీసుకెళ్లి ఒక మూల కూర్చోబెట్టి, నల్లటి గొంగడి నా తల మీదుగా కప్పింది. అంచులు నేలకు నొక్కి పట్టుకుని కూర్చుంది. గొర్రెబొచ్చు వాసనలో, కన్ను పొడుచుకున్నా కనపడని చీకట్లో మూత తీశాను. లోపల నీళ్లు. వాన ఎటు నుంచో చొరబడింది. కాగితం మెత్తబడి రేకుకు అంటుకుపోయింది, వేలికి జిగురు జిగురుగా తగులుతోంది. బూజు. తొందరపడితే ముక్కలవుతుంది. గోరుతో ఒక అంచు లేపి, ఊపిరి బిగబట్టి, కొంచెం కొంచెంగా వలిచాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. నడుం పట్టేసింది, చలికాలంలో చెమటలు పోశాయి. బయట నుంచి చంద్రమ్మ రెండుసార్లు "ఉన్నవా బిడ్డా?" అని అడిగింది. చివరికి కాగితం ఒకే ముక్కగా వచ్చింది. నల్ల కవర్లో పెట్టి గొంగడి తీశాను.

"బూజు పట్టింది. చీరాల తీసుకెళ్లేలోపు మొత్తం తినేస్తుంది. ఇవాళే జహీరాబాద్‌లో స్కాన్ చేయించాలి. బొమ్మ వస్తే పంపుతాను."

"పంపుతనని పోయినోళ్లు పంపుతరా?" చంద్రమ్మ అప్పటికే చెప్పులేసుకుంటోంది. "నేనొస్త. పటం చేతుల వడ్డదాంక నిన్నిడువ."

జిరాక్సు దుకాణం

బస్టాండు దగ్గర రఫీ దుకాణం. నలభై దాటిన మనిషి. జిరాక్సులు, బాండు పేపర్లు, పరీక్షల దరఖాస్తులు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు అన్నీ అక్కడే. స్కానర్ ఉందా అని అడిగితే ఉందన్నాడు. షట్టరు దించి లైటు ఆర్పాలి అంటే మాత్రం నన్ను ఎగాదిగా చూశాడు.

"పట్టపగలు దుకాణం బంద్ జేస్తె గిరాకి పోదా మేడం?"

"పది నిమిషాలు," అన్నాను.

"నా చేను ఉన్నది భయ్యా దాంట్ల," అంది చంద్రమ్మ.

ఏమర్థమైందో గానీ, రఫీ షట్టరు దించాడు. కంప్యూటరు తెరను గోడవైపు తిప్పించాను. తడుముకుంటూ కాగితాన్ని స్కానర్ అద్దం మీద పరిచి మూత వేశాక అతను తెర మళ్లీ ఇటు తిప్పాడు. "ముందు చూసుకునే బటన్ నొక్కొద్దు. నేరుగా స్కాన్ కొట్టాలి," అని చెప్పేలోపే, రోజుకు వందసార్లు చేసే అలవాటులో అతని వేలు మౌసు నొక్కేసింది. స్కానర్ మూత అంచు కింద తెల్లటి దీపం ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తడం కనిపించింది.

"ఆపండి! ఆపండి!" అని అరిచాను.

"ముందుగాల చూసుకోకుంటె వంకర వస్తది గద మేడం! ఆధార్ కార్డు గూడ నేను చూడంది చెయ్య!"

పాపం, అతని పని అతను పద్ధతిగా చేస్తున్నాడు. చెప్పకపోవడం అనే నా జబ్బు మూడోసారి బయటపడింది. ఈసారి మాత్రం మౌసు నా చేతిలోకి తీసుకున్నాను. పోయిన వెలుతురు పోయింది. అసలు స్కాన్ నొక్కాను. దీపం ఈసారి చీమ నడకలా కదిలింది. ముగ్గురం ఆ చప్పుడు విన్నాం.

తెర మీద పడ్డది చూస్తే ఎవరికైనా దిగులేస్తుంది. గోధుమరంగు మరక, దాని మీద బూజు చుక్కలు. రఫీ జాలిగా "ఖరాబైంది మేడం," అన్నాడు. నేను వినిపించుకోలేదు. పెయింట్ తెరిచాను.

"అరె, గిది పెయింటు గద! దీంట్ల నేను సంతకాలు కోసి దరఖాస్తుల ఏస్త, గంతే. దీంతోని ఏమైతది?"

డబ్బాలో బొమ్మ తలకిందులుగా పడుతుంది, కాబట్టి నూటఎనభై డిగ్రీలు తిప్పాను. అలా తిప్పితే కుడి ఎడమలు మారతాయి, కాబట్టి అద్దంలో చూపినట్టు మార్చాను. ఇక చివరిది, రంగులు తారుమారు. నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపు. నొక్కాను.

చంద్రమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

కింద చేను. గట్టు, గట్టు చివర తుమ్మ చెట్టు, కొట్టం చూరు అంచు, అన్నీ నీలంగా, మసకగా. నేల మీంచి పైకి, కొంచెం కుడివైపు వాలుతూ, తెల్లటి పొద్దు గీతలు. మగ్గం మీద సాగదీసిన పడుగు దారాల్లా వరసగా ఉన్నాయి. మగ్గాల ఊరిదాన్ని, నాకు అలాగే కనిపించాయి. అయితే పడుగులో అక్కడక్కడ దారాలు లేవు. మధ్య మధ్య నల్లటి ఖాళీలు. కుడివైపు మూడో వంతు పూర్తిగా చీకటి, ఒక్క గీత లేదు. అది కుంకుమ బొట్టు తర్వాతి భాగం.

"చాలా పోయిందమ్మా," అన్నాను. "కుడివైపు మొత్తం లేదు. ఈ మధ్యలో కూడా చూడండి, ఎన్ని సందులో."

"సందులు గావు బిడ్డా," అంది చంద్రమ్మ. తెర దగ్గరికి వచ్చి, ముట్టుకోవచ్చా అన్నట్టు నన్ను చూసి, వేలు పెట్టింది. ఎడమ చివర గీతలన్నీ కలిసిపోయి తెల్లటి పట్టీలా ఉన్న చోట. "గిది ఆరుద్ర. ఇత్తు పెట్టినంక ఒక్క చినుకు లేదు. ఎండ కొట్టింది. ఇత్తు మాడిపోతదని నేను తిండి తినలే." వేలు కుడికి జరిగింది. మొదటి నల్ల సందు. "గిది పెద్దపుసాల ముసురు. మొలక ప్రాణం వోసుకున్నది." ఇంకా కుడికి, అన్నింటికన్నా వెడల్పైన నలుపు. అక్కడ వేలు ఆగింది. "గిది పుబ్బ. ఎనిమిది దినాలు పొద్దు కానరాలే. పెసరు కాయ చెట్టు మీదనే మొలకలొచ్చింది. నేను గీ గట్టు మీదనే కూసోని ఏడ్సిన."

నేను లోపాలు అనుకున్న ప్రతిదానికీ ఆవిడ దగ్గర ఒక కార్తె పేరుంది, రోజుల లెక్కుంది. చదువు రాదని జూన్‌లో తనే చెప్పింది. నేను ఇంటికి వచ్చాక ఎక్సెల్‌లో ఏ రోజు గీత ఎక్కడ పడాలో లెక్క వేసి సరిచూశాను. పుబ్బ దగ్గర ఆవిడ చెప్పిన ఎనిమిది రోజులకు నాకు తొమ్మిది వచ్చింది. అందులో కూడా ఆవిడదే సరైందని నా అనుమానం.

రఫీ షట్టరు ఎత్తడం మర్చిపోయాడు.

చంద్రమ్మ చేను మీదంతా వేలు తిప్పింది. గట్టు మీద, కొట్టం ముందు, తుమ్మ చెట్టు కింద. దేనికోసమో వెతుకుతోంది.

"నేనేడున్న బిడ్డా?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. మెల్లగా చెప్పాను. ఇందులో కదిలేవి పడవు, నిలిచి ఉన్నవే పడతాయి. మనిషి, ఎద్దు, పిట్ట, ఏవీ ఆనవు. ఒకే చోట కొన్ని వారాలు కదలకుండా నిలబడితే తప్ప మనిషి కనపడదు.

చంద్రమ్మ తెర మీంచి వేలు తీసింది.

"నేను నిలవడితె గీ చేనెవలు జేస్తుండె?"

రోజూ ఆ డబ్బా ముందే వంగింది, లేచింది, కలుపు తీసింది, కాయ కోసింది. నా ప్రయోగానికి ఆవిడ ఆనవాలే అందలేదు.

రఫీ ప్రింటరు ఆన్ చేశాడు. అలవాటు ప్రకారం అడిగాడు. "పేరు ఎయ్యాల్నా మేడం? దరఖాస్తు ఫొటోల మీద కింద పేరు, తారీఖు ఏస్తం గద."

ఫొటో మీద అక్షరాలంటే నాకు ఒళ్లు మంట. మా బృందంలో ఎవరైనా ఫొటో మూల సంతకం వేసుకుంటే అరగంట క్లాసు పీకుతాను. వద్దని చెప్పబోయాను.

"ఎయ్యి భయ్యా," అంది చంద్రమ్మ. "నా పేరు ఎయ్యి."

"ఏడ ఎయ్యాలె అమ్మా?"

చంద్రమ్మ గట్టు వైపు చూడలేదు, చెట్టు వైపు చూడలేదు. కుడివైపు తన బొట్టు వల్ల పొద్దు ఆగిపోయిన చీకటి మీద వేలు పెట్టింది. రఫీ మౌసు కోసం చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు. పెయింట్‌లో అక్షరాల గుర్తు నొక్కి, తెల్ల రంగు ఎంచుకుని, అక్కడ పట్టినంత పెద్దగా నేనే కొట్టాను: చంద్రమ్మ.